రొయ్యల చెరువుకి ఇంటర్నెట్: ఏ డిష్ కొనాలి?

పిల్లలూ, ఈ పాఠం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఆరుంపావుకి ఆంగ్ మో కియోలో మా వంటింట్లో టిఫిన్ బాక్సులు సర్దుతున్నాను. మా తమ్ముడు ఫోన్ చేశాడు. సింగపూర్ గడియారం మన ఊరికంటే రెండున్నర గంటలు ముందుంటుంది కదా, అంటే అక్కడ తెల్లవారుజామున మూడుముప్పావు. ఆ వేళప్పుడు ఊరి నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

"అక్కా, కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. నాలుగో చెరువు పోయినట్టే."

మా పుట్టిల్లు భీమవరం దగ్గర ఒక పల్లె. నాన్న, తమ్ముడు వనామీ రొయ్యలు పెంచుతారు. రొయ్యలకి నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కావాలి. పగలు నీళ్ళలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకని తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో నీళ్ళని చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి. నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. చెరువులు ఇంటికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, అక్కడ ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని డాబా మీద ఒక డిష్, చెరువు గట్టు మీద షెడ్డు పక్కన ఇంకో డిష్ పెట్టి, గాలిలోంచే ఇంటర్నెట్ తీసుకెళ్ళారు. (గట్టు అంటే చెరువు చుట్టూ మట్టితో ఎత్తుగా పోసిన అంచు.) కెమెరా, ఆక్సిజన్ మీటరు, కరెంటు పోతే మోగే అలారం అన్నీ ఆ లింకు మీదే నడుస్తాయి. ఆ రాత్రి వానకి లింకు పడిపోయింది. అలారం షెడ్డులో మోగింది కానీ ఇంట్లో మోగలేదు. కాపలా మనిషి ఇంకో గట్టు మీద ఉన్నాడు.

మర్నాడు తమ్ముడు మళ్ళీ ఫోన్ చేసి, "చిన్న డిష్ కొనడమే తప్పక్కా. ఈసారి మూడడుగులది కొంటాను" అన్నాడు.

నేను బి.ఎడ్.లో భౌతికశాస్త్రం చెప్పడం నేర్చుకున్నదాన్ని. పిల్లలకి చెప్పినది సొంత తమ్ముడికి చెప్పకపోతే ఎలా? "ఒరేయ్, కొనేముందు ఒక్కరోజు ఆగు, లెక్క చూద్దాం" అన్నాను. ఆ లెక్కే ఈ పాఠం.

ముందు డిష్ ఏం చేస్తుందో చూద్దాం. మీరు సెలవులకి ఊరెళ్ళినప్పుడు తాతగారి డాబా మీద టీవీ డిష్ చూసే ఉంటారు. అది ఆకాశంలోకి, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వైపు చూస్తుంది. దాని పని వినడం ఒక్కటే. మనం మాట్లాడుకుంటున్న డిష్ నేలకి అడ్డంగా, ఎదుటి డిష్ వైపు చూస్తుంది. వింటుంది, మాట్లాడుతుంది కూడా.

గోదావరి జిల్లాల్లో కాలవకి ఇవతల గట్టు మీద నుంచి అవతల గట్టు మీద ఉన్నవాళ్ళని ఎలా పిలుస్తారో తెలుసా? రెండు అరచేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకొని "ఓయ్!" అంటారు. అవతలివాళ్ళు చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకొని వింటారు. పిలిచినవాడి గొంతులో బలం పెరగలేదు. అన్ని వైపులకీ చెదిరిపోయే శబ్దం ఒకే వైపుకి వెళ్ళింది, అంతే. డిష్ కూడా ఇంతే. అది కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్న శక్తిని ఒక వైపుకి పోగుచేస్తుంది. ఎంత పోగుచేసిందో చెప్పే సంఖ్యని గెయిన్ అంటారు. దాన్ని డెసిబెల్లలో కొలుస్తారు.

డెసిబెల్ అనగానే భయపడకండి. 3 డెసిబెల్లు పెరిగితే శక్తి రెండు రెట్లు. 6 అయితే నాలుగు రెట్లు. 10 అయితే పది రెట్లు, 20 అయితే వంద రెట్లు. గుణకారాలు చెయ్యాల్సిన చోట కూడికలతో పని జరిగిపోతుందని ఈ కొలత పెట్టుకున్నారు. ఈ నాలుగు ముక్కలూ గుర్తుంటే మిగతా పాఠం తేలిక.

గెయిన్ డిష్ వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. అడ్డకొలత రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, అంటే 6 డెసిబెల్లు. మా తమ్ముడి రేడియో 5.8 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఆ తరంగం పొడవు 5 సెంటీమీటర్ల చిల్లర, మీ బొటనవేలంత. ఆ తరంగానికి 30 సెంటీమీటర్ల డిష్ గెయిన్ దాదాపు 23 డెసిబెల్లు, 60 సెంటీమీటర్లదైతే దాదాపు 29, 90 సెంటీమీటర్లదైతే దాదాపు 32. కొనేటప్పుడు పెట్టె మీద ఇదే సంఖ్య 'డీబీఐ' అని రాసి ఉంటుంది. 30 సెంటీమీటర్ల డిష్ మీద 30 డీబీఐ అని రాసి ఉంటే మాత్రం ఆ దుకాణంలోంచి వచ్చెయ్యండి. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర అంత చిన్న పళ్ళేనికి అంత గెయిన్ రాదు.

ఇప్పుడు మా ఇంటి లెక్క. రేడియో, డిష్ కలిపి బయటికి పంపే శక్తిని 36 దగ్గర ఆపి పెట్టుకున్నారు. ఇలా అనుమతి అక్కర్లేకుండా వాడుకొనే తరంగాలకి ప్రతి దేశంలోనూ ఒక హద్దు ఉంటుంది, లేకపోతే అందరూ అరుస్తారు, ఎవరికీ వినపడదు. 3 కిలోమీటర్ల దూరంలో ఈ తరంగం దాదాపు 117 డెసిబెల్లు నీరసిస్తుంది. అవతలి డిష్ 23 తిరిగి పోగుచేస్తుంది. 36లోంచి 117 తీసేసి 23 కలపండి. మైనస్ 58 వచ్చిందా? అదే అందాల్సిన సిగ్నల్. మైనస్ గుర్తు చూసి కంగారుపడకండి. మైనస్ 58 బాగున్నట్టు. మైనస్ 75 దాటితే మా తమ్ముడి రేడియో తడబడుతుంది. అంటే లెక్క ప్రకారం 17 డెసిబెల్లు మిగులు ఉంది, అంటే యాభై రెట్ల శక్తి. 3 కిలోమీటర్లకి అడుగు డిష్ చాలా చాలు.

మరి లింకు ఎందుకు పడిపోయింది?

"బిగించిన రోజున ఎంత వచ్చిందిరా?" అని అడిగాను. వెతికి వెతికి ఒక ఫోటో పంపాడు. మైనస్ 64. అది మాఘమాసం, ఎండ కాస్తున్న రోజు. బిగించిన అబ్బాయి "సూపర్ సార్" అని వెళ్ళిపోయాడట. రావాల్సింది 58, వచ్చింది 64. మధ్యలో 6 డెసిబెల్లు, అంటే ముప్పాతిక వంతు శక్తి ఎక్కడికి పోయిందని ఎవ్వరూ అడగలేదు. లింకు పనిచేస్తోందిగా మరి! నన్నడిగితే ఈ కథలో అసలు తప్పు ఇదే. సిగ్నల్ వచ్చిందా లేదా అని చూశారు గానీ లెక్క ప్రకారం రావాల్సినంత వచ్చిందా అని చూడలేదు.

వాన కురిసిన రాత్రుల్లో అదే సంఖ్య మైనస్ 79కి పడిపోతోంది. వానే కారణమని తమ్ముడి నమ్మకం. కానీ 5.8 గిగాహెర్ట్జ్ తరంగాన్ని వాన పెద్దగా పట్టించుకోదు. కుండపోతలో కూడా 3 కిలోమీటర్లకి ఒకటి రెండు, మహా అయితే మూడు డెసిబెల్లు పోతాయి. ఇక్కడ పదిహేను పోయాయి. (60, 80 గిగాహెర్ట్జ్ రేడియోలైతే వేరే కథ. వాటిని గట్టి వాన కిలోమీటరుకి ఇరవై ముప్పై డెసిబెల్లు తినేస్తుంది. మన సింగపూర్ వానలు మీకు తెలుసుగా, అలాంటివి ఇక్కడ దగ్గర దగ్గర భవనాల మధ్యే పనికొస్తాయి.)

వీడియో కాల్‌లో తమ్ముణ్ణి షెడ్డు పక్కన స్తంభం ఎక్కించి, ఇంటివైపు ఫోన్ తిప్పమన్నాను. అప్పుడు కనపడింది. అర కిలోమీటరు దూరంలో వేరేవాళ్ళ చెరువు గట్టు మీద కొబ్బరి చెట్ల వరస ఉంది. మా డాబా మీది ట్యాంకు ఆ మట్టల పైనుంచి కనిపిస్తూనే ఉంది. "చూశావా, అడ్డం లేదుగా!" అన్నాడు.

కంటికి కనిపిస్తే చాలదు. ఇది ఈ పాఠంలో కాస్త కష్టమైన ముక్క, నెమ్మదిగా చదవండి. రేడియో తరంగం రెండు డిష్షుల మధ్య దారంలాగా సన్నగా వెళ్ళదు. మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా సన్నబడి, దోసకాయ ఆకారంలో వెళుతుంది. కాంతి మీద పరిశోధన చేసిన ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో దీన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. దోసకాయలో నడిమి భాగానికి, కనీసం నూటికి అరవై వంతుల మందాన, ఏదీ అడ్డు రాకూడదు. దోసకాయ మందం దూరాన్ని బట్టి, తరంగం పొడవుని బట్టి ఉంటుంది. డిష్ సైజుతో దానికి సంబంధం లేదు. ఈ వాక్యం కింద గీత గీసుకోండి.

మా లింకులో ఆ కొబ్బరి చెట్ల దగ్గర దోసకాయ సగం మందం దాదాపు 4.6 మీటర్లు. అందులో అరవై వంతులంటే 2.8 మీటర్లు. డాబా మీది డిష్ 12 మీటర్ల ఎత్తున, చెరువు దగ్గరిది 9 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చెట్ల దగ్గర రెంటినీ కలిపే గీత తొమ్మిదిన్నర మీటర్ల ఎత్తులో వెళుతోంది. చెట్ల తలలు 9 మీటర్లు. ఖాళీ 2.8 మీటర్లు కావాల్సిన చోట అర మీటరు ఉంది. ఎండాకాలంలో పోయిన ఆ 6 డెసిబెల్లు ఇక్కడే పోయాయి. వానొస్తే మట్టలు తడుస్తాయి, గాలికి ఊగి గీతకి అడ్డం పడతాయి. తడి ఆకు ఈ తరంగాలకి తడి దుప్పటిలాంటిది. పదిహేను డెసిబెల్లు పోయాయంటే ఆశ్చర్యం లేదు.

అయితే మూడడుగుల డిష్ పనికిరాదా? ఒట్టిగా కొట్టిపారేయకుండా అదీ లెక్క కట్టాం. అడ్డకొలత మూడు రెట్లు, వైశాల్యం తొమ్మిది రెట్లు, గెయిన్ తొమ్మిదిన్నర డెసిబెల్లు ఎక్కువ. కానీ బయటికి పంపే శక్తికి 36 అనే హద్దుంది కాబట్టి పంపేవైపు రేడియో పవర్ అంత మేరకి తగ్గించాల్సిందే. లాభం వినేవైపు మాత్రమే. అంటే మైనస్ 79 కాస్తా మైనస్ 69.5 అవుతుంది. లింకు బొటాబొటిగా నిలబడుతుంది. నిజం చెప్పాలంటే ఇక్కడ నేనూ కొంచెం తగ్గాను, తమ్ముడి మాటలో కొంత నిజముంది.

కానీ పెద్ద డిష్‌తో పాటు రెండు తలనొప్పులు వస్తాయి. మొదటిది గురి. డిష్ పెద్దదయ్యేకొద్దీ దాని చూపు సన్నబడుతుంది. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 30 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు దాదాపు 12 డిగ్రీలు, 90 సెంటీమీటర్లదైతే 4 డిగ్రీలే. నడిమధ్య నుంచి 2 డిగ్రీలు పక్కకి తిరిగితే సగం శక్తి పోతుంది. రెండోది గాలి. తొమ్మిది రెట్ల వైశాల్యం మీద గాలి తొమ్మిది రెట్లు తోస్తుంది. మాది తుపాన్ల జిల్లా. రెండంగుళాల పైపు మీద మూడడుగుల పళ్ళెం కట్టి, అది 2 డిగ్రీలు కూడా కదలకూడదంటే ఎలా? పైపు, కాంక్రీటు దిమ్మ, లాగి కట్టే తీగలు అన్నీ మారాలి. అవన్నీ మార్చి కూడా కొబ్బరి చెట్లని మార్చలేం. అవి ఏటా అడుగో రెండడుగులో పెరుగుతూనే ఉంటాయి.

గాలి సంగతి తెలిసినవాళ్ళు కొందరు జాలీ డిష్ కొంటారు. కంతల్లోంచి గాలి పోతుంది, కానీ తరంగం పోదు. జల్లెడలో పిండి కిందికి రాలినా నూక పైనే ఆగినట్టు, కంత తరంగం కంటే బాగా చిన్నదైతే తరంగానికి అది నిండు రేకులాగే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు కాబట్టి దానికి జాలీ బాగా కుదిరింది. చిక్కేంటంటే జాలీ డిష్షుల్లో కడ్డీలు సాధారణంగా ఒకే వైపుకి ఉంటాయి. అందుకని తరంగం నిలువుగానో అడ్డంగానో, ఏదో ఒక రకంగానే పనిచేస్తుంది. ఇప్పటి రేడియోలు నిలువు, అడ్డం రెండూ ఒకేసారి వాడి రెట్టింపు వేగం తెచ్చుకుంటాయి. వాటికి నిండు డిష్ కావాలి. కొనేటప్పుడు ఈ మాట తప్పకుండా అడగాలి.

చివరికి మేం ఏం చేశామంటే, డిష్షులు మార్చలేదు. చెరువు వైపు స్తంభాన్ని 6 మీటర్లు పెంచి, మూడు వైపులా తీగలు కట్టించాం. చెట్లు ఆ చివరికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి పెంచిన 6 మీటర్లలో 5 మీటర్లు చెట్ల దగ్గర కలిసొచ్చాయి. (సరూప త్రిభుజాలు చదివారా? 3 కిలోమీటర్లలో రెండున్నర కిలోమీటర్ల వంతు. ఇంటివైపు 6 మీటర్లు పెంచి ఉంటే చెట్ల దగ్గర ఒక్క మీటరే కలిసొచ్చేది. ఎత్తు ఎక్కడ పెంచుతామన్నది అంత ముఖ్యం.) ఇప్పుడు గీత పద్నాలుగున్నర మీటర్ల ఎత్తున పోతోంది, చెట్లకి పైన ఐదున్నర మీటర్ల ఖాళీ ఉంది. సిగ్నల్ మైనస్ 59. నాన్న ఆ సంఖ్యని షెడ్డు గోడ మీద సున్నంతో రాయించారు. తేడా వస్తే కాపలా మనిషే ఫోన్ చేసి చెబుతాడు.

ఒక్క సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. చెరువు నీళ్ళు తరంగానికి అద్దంలాంటివి. నేరుగా వచ్చిన తరంగం, నీళ్ళ మీద పడి ఎగిరి వచ్చిన తరంగం రెండూ డిష్ దగ్గర కలిసి ఒక్కోసారి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. గాలి లేని రోజుల్లో సంఖ్య రెండు మూడు డెసిబెల్లు ఊగుతోందని తమ్ముడు అంటున్నాడు. మిగులు ఉంది కాబట్టి ప్రస్తుతానికి వదిలేశాం.

ఇలాంటి పని మా జిల్లాకి కొత్తేం కాదు. ఇరవై ఏళ్ళ కిందటే బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' అనే పేరుతో భీమవరం చుట్టుపక్కల పల్లెలకి వైఫై లింకుల మీదే ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ లింకుల మీద పల్లెవాళ్ళు పట్నంలోని డాక్టరుతో మాట్లాడారు, పిల్లలు పాఠాలు విన్నారు. ఇంట్లో నాలుగు గోడల మధ్య వాడుకోవడానికి పుట్టిన వైఫైని ఒకే వైపు చూసే యాంటెన్నాలతో కిలోమీటర్ల దూరం సాగదీశారన్నమాట. దీని గురించి భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనే ఇద్దరు అధ్యాపకులు 2007లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఇలాంటి నెట్‌వర్కుల్లో రేడియోల ఖర్చు కంటే టవర్ల ఖర్చే పెద్దదని వాళ్ళ అనుభవం.

ఎందుకో మీరే లెక్క కట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ మీద 20 కిలోమీటర్ల లింకు అనుకుందాం. నడిమధ్య దోసకాయ సగం మందం 25 మీటర్లు, అందులో అరవై వంతులు 15. కొబ్బరి చెట్టు ఇంకో 15. అంత దూరానికి భూమి గుండ్రదనం కూడా అడ్డొస్తుంది, దానికి 6. మొత్తం 36 మీటర్లు. మన హెచ్‌డీబీ బ్లాకుల్లో పన్నెండు పదమూడు అంతస్తుల ఎత్తు! డిష్ పెద్దది కొన్నంత మాత్రాన ఇందులో ఒక్క మీటరు కూడా తగ్గదు.

ఇక చూపు సన్నబడటం ఎంతవరకు పోతుందో చెప్పడానికి ఇంకో ముక్క. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వాళ్ళ ఎక్స్ సంస్థతో రేడియోకి బదులు కాంతి పుంజంతో ఊళ్ళని కలిపే 2,000 లింకుల కోసం ఒప్పందం చేసుకుంది. ఆ పుంజం ఎంత సన్నమంటే దాన్ని మనిషి చేత్తో తిప్పి గురిపెట్టి వదిలేస్తే నిలవదు, పెట్టెలోని అద్దాలే నిమిష నిమిషం సరిచేసుకుంటూ ఉండాలి. పొగమంచు దానికి శత్రువు.

ఇప్పుడు మీ వంతు. ఆంగ్ మో కియో స్టేషన్ నుంచి బిషాన్ స్టేషన్‌కి గీత గీస్తే దాదాపు 2 కిలోమీటర్లు. ఈ రెండు చోట్లా ఇద్దరు స్నేహితులు పదో అంతస్తులో ఉన్నారనుకోండి. అంతస్తుకి 2.8 మీటర్ల చొప్పున లెక్కపెట్టండి. సరిగ్గా మధ్యలో పన్నెండు అంతస్తుల బ్లాకు ఒకటి ఉంది. 5.8 గిగాహెర్ట్జ్ తరంగానికి 2 కిలోమీటర్ల లింకు నడిమధ్య దోసకాయ సగం మందం 5 మీటర్లు. (నిజంగా కిటికీకి డిష్ తగిలించకండి, టౌన్ కౌన్సిల్ వాళ్ళు వస్తారు. ఇది కాగితం మీది లెక్కే.)

గీతకీ ఆ బ్లాకు పైకప్పుకీ మధ్య ఎన్ని మీటర్ల తేడా ఉంది? పైకప్పుకి పైన ఉందా, కిందా? ఒకరు మాత్రమే పై అంతస్తుకి మారితే ఎన్నో అంతస్తుకి మారాలి? ఇద్దరూ మారితే? ఎవరూ మారకుండా ఆ మధ్య బ్లాకు మీదే ఒక మజిలీ పెడితే మొత్తం ఎన్ని డిష్షులు కావాలి, ఒక్కోటి ఎంత సైజుది కొంటారు? మీ జవాబులు తెలుగులో, పూర్తి వాక్యాల్లో రాసి పంపండి. 'ఎందుకంటే' అనే మాట కనీసం మూడుసార్లు రావాలి.